రాగి గుడ్లగూబకు ఎదురు చెప్పిన కుందమ

పద్మశిలా నగరానికి ఏడు ప్రాకారాలు. ఏడో ప్రాకారం లోపల, నల్లరాతి గుట్ట కొమ్మున, సర్పగోపురం ఉంది. రాతిలో చెక్కిన మహాసర్పం ఒకటి అడుగు నుంచి శిఖరం దాకా దాన్ని తొమ్మిది చుట్లు చుట్టుకుని, పడగ విప్పి ఊరివైపు చూస్తూ ఉంటుంది. దాని కళ్లలో పొదిగిన కెంపులు తెల్లవారేసరికి రెండు క్రోసుల దూరానికి నిప్పుకణికల్లా మెరుస్తాయి. పొలుసుకొక గవాక్షం, గవాక్షానికొక జత కళ్లు. శత్రువులు పంపే వేగులను పట్టుకునే వేగుల కొలువు అదే. జనం దాన్ని ఎదురువేగుల కొలువు అంటారు, ఆ మాట కూడా అటూ ఇటూ చూసుకుని మరీ అంటారు.

అక్కడ చేరడం అందరివల్లా అయ్యే పని కాదు. సైన్యంలో ఏ పనిలోనైనా సరే ఏడేళ్లు నిండినవాళ్లు, పైఅధికారి ఒప్పుకుంటే, అక్కడికి బదిలీ కోరవచ్చు. ఏడాదికొక్కనాడు పరీక్ష. మూడు గడపలు. మూడూ దాటినవారికి పాముపడగ చెక్కిన ఉంగరం ఇస్తారు. ఆ ఏడు పదకొండు మంది నిలబడ్డారు. ఏనుగుల దళం వాళ్లు, రథాల దళం వాళ్లు, మీసాలకు నూనె రాసుకుని వచ్చిన విలుకాళ్లు, అందరూ వరసగా ఉన్నారు. పేర్లు చదువుతున్న లేఖకుడు పదకొండో పేరు దగ్గర ఆగిపోయి, తాటాకును వెలుతురుకు ఎత్తిపట్టి ఇంకోసారి చూశాడు.

“కుందమ. సైన్యపు చాకిరేవు” అని ఉంది.

గుర్రపు దళం నాయకుడు వీరకంఠుడు పడీపడీ నవ్వాడు. “శత్రువుల్ని బండకేసి బాదుతావా ఏమిటే?” అన్నాడు.

“వాళ్ల సంగతి తర్వాత నాయకా. ముందు ఆ తలపాగా రేవుకు పంపించు. దాని కంపు ఇక్కడిదాకా కొడుతోంది” అంది కుందమ.

ఆమెకు ముప్పై ఏళ్లు. ఆజానుబాహువు అని మగవాళ్లనే ఎందుకంటారో తెలియదు గానీ కుందమ చేతులు నిజంగానే మోకాళ్లకు అందుతాయి. బదిలీ కోరుతూ రేవు అధికారి దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన నోరు తెరిచి, “నీకేమైనా పిచ్చి పట్టిందా?” అన్నాడు. “పట్టింది. ముద్ర వెయ్యండి” అంది. ఆయన వేశాడు. వెయ్యకపోతే ఆ రోజు రేవు నుంచి ఇంటికి నడిచి వెళ్లేవాడు కాదని ఆయనకు అర్థమైంది.

ఆ పిచ్చికి కారణం ఒక్కటే, తమ్ముడు మాచడు. ఉతికిన మూటలు ఇళ్లకు చేర్చే పని వాడిది. నెల కిందట, మూట దించి తిరిగివస్తుంటే, రాగి గుడ్లగూబ వాడి మీద కూసింది. ఆ గుడ్లగూబ ఆస్థాన మాంత్రికుడు మృగాంకాచార్యులు పోతపోయించిన మంత్రవిగ్రహం. శత్రు వేగు ఎదుట పడితే కూస్తుందని ప్రతీతి. అది కూసిందంటే ఇక విచారణ లేదు, ఏనుగు కాలే. నెలగా చెరలో ఉన్న మాచడిని ఈ పరీక్ష రోజు సాయంత్రమే, సూర్యుడు పడమటి బురుజును తాకే వేళకు, ఏనుగుల మైదానంలో తొక్కించబోతున్నారు. గుడ్లగూబ కూతకు ఎదురు చెప్పే హక్కు రాజ్యం మొత్తంలో పాముపడగ ఉంగరం ఉన్నవాళ్లకే ఉంది. అందుకే కుందమకు ఆ ఉంగరం కావాలి. ఇవాళే కావాలి.

నగారా మోగింది.

మొదటి గడప ఇది. పోటీదారులు కాపలావాళ్లెవరూ తమను గుర్తుపట్టకుండా లోపలికి దాటి గోపురం నడిమి వాకిలికి చేరాలి. నాలుగు గడియల వ్యవధి. విలుకాళ్లు ముగ్గురు జటలు కట్టుకుని సన్యాసులై వచ్చి, గుమ్మం దగ్గర మాటల్లో పడి సైన్యపు వందనం చేసి దొరికిపోయారు. రథాల వాడు గర్భిణిగా వచ్చాడు, కడుపులోంచి దిండు జారింది. వీరకంఠుడు మటుకు ఘటికుడు. పాడె మీద శవంలా పడుకుని, నలుగురు బంధువుల్ని ఏడిపించుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

కుందమ వేషమే వెయ్యలేదు. నెత్తిమీద చుట్టకుదురు, దాని మీద మూట. రోజూ నడిచే నడకే నడిచింది. తొమ్మిది మంది కాపలావాళ్లలో ఒక్కడూ మూట కిందున్న మొహం వైపు చూడలేదు. ఒకడు మాత్రం, “నా పంచె ఇంకా రాలేదేం?” అని కసిరాడు.

“రేపొస్తుందిలే” అని ఆమె నడిమి వాకిలిలో మూట దించింది.

అక్కడ కొలువుకు అధిపతి, దండనాథుడు అరిందముడు, రాతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లటి కనుబొమలు, యుద్ధంలో పోయిన ఎడమ కన్ను, మిగిలిన కంటికి రెండు కళ్ల చూపు. ఆయన కాపలావాళ్ల నాయకుణ్ణి పిలిచి, “ఈమె ఎలా వచ్చింది?” అని అడిగాడు. నాయకుడు తల గోక్కున్నాడు.

“తలుపులోంచే వచ్చాను దొరా. ఏడేళ్లుగా అలాగే వస్తున్నాను. మీవాళ్లు ఏడేళ్లుగా నన్ను చూడలేదు” అంది కుందమ.

రెండో గడప అగ్నిసింహాల దారి. నేలమాళిగలో నూరు బారల పొడవున రాతి నడవా, రెండు పక్కలా నలభై రాతిసింహాలు. వాటి జూలు బంగారపు పూతతో జిగేలుమంటుంది, గోళ్లు పచ్చలు, నాలుకలు పగడాలు. చూడముచ్చటగా ఉన్నాయి కదా అని దగ్గరకు వెళ్తే బతికి రాలేరు, ఒక్కో సింహం వంతులవారీగా నోరు తెరిచి మంట ఊదుతుంది. నడవా చివర పెట్టెలో తాళపత్రం ఉంది. అది కమలకుండా తేవాలి. ఆయుధం ఏదైనా ఒకటి వెంట తీసుకుపోవచ్చు.

ఒకడు డాలు పట్టుకెళ్లాడు, డాలు కాలి ఎర్రబడింది, చేతులు బొబ్బలెక్కి వెనక్కి పరుగెత్తాడు. ఇద్దరు మెట్ల మీదే మనసు మార్చుకున్నారు. వీరకంఠుడు గుర్రపు దళం వాడు కాబట్టి పరుగే నమ్ముకున్నాడు, మీసంలో సగం అక్కడ ఒదిలేసి పత్రంతో బయటపడ్డాడు. మిగిలినవాళ్లను మోసుకురావలసి వచ్చింది.

కుందమ మూటలోంచి మందపాటి గొంగళి తీసి మెట్ల పక్కనున్న నీళ్లతొట్టిలో ముంచింది.

“గొంగళి ఆయుధమేమిటి?” అన్నాడు లేఖకుడు.

“మంటకు ఎదురు నిలిచేది కత్తయితే కత్తి ఇవ్వండి, తీసుకుంటాను.”

కుందమ నీళ్లోడుతున్న గొంగళి కప్పుకుని దిగింది. చాకలిబాన ముందు పదిహేనేళ్లు నిలబడి ఉడికిన ఒళ్లు అది. ఆవిరి ఎటు లేస్తుందో, సెగ ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. బండ మీద బట్ట బాదే లెక్క ఒకటి ఉంటుంది, మూడు దెబ్బలు, ఒక ఊపిరి, మళ్లీ మూడు దెబ్బలు. సింహాలూ అదే లెక్కలో ఊదుతున్నాయి. మూడు మంటలకు వంగుని, ఊపిరి సందులో ఉరికింది. గొంగళి బుసబుసమని ఆవిరి కక్కింది. కనుబొమలు కాలాయి. అరికాళ్లు చురచురలాడాయి. పత్రం తడి గొంగళి మడతలో దూర్చి, వెళ్లినంత వేగంగానూ వచ్చి, అరిందముడి ముందు పెట్టింది. పత్రం అంచైనా కమలలేదు.

ఎండ అప్పటికే పడమటికి వాలింది.

మూడో గడప గోపురం శిఖరంలోని కొలువుకూటం. పన్నెండు స్ఫటికపు స్తంభాలు, వాటి మధ్య నీలాల నేల. నడిచేవాళ్ల నీడలు ఆ నేలలో చేపల్లా కదులుతుంటాయి. తూర్పున వెండి గద్దె. పడమట నిలువెత్తు కిటికీ. కిటికీ ముందున్న దిమ్మె మీద, ఎర్రపట్టు ముసుగు కింద, రాగి గుడ్లగూబ. ముసుగు కిందనుంచి దాని గోళ్లు కనిపిస్తున్నాయి, ఒక్కొక్కటి కొడవలంత ఉంది. దాని పక్కన తెల్లటి గడ్డం, నున్నటి నుదురు, పాల మీగడలాంటి కండువా, చేతిలో వెండిపొన్ను కర్రతో మృగాంకాచార్యులు చిరునవ్వు నవ్వుతూ నిలబడ్డాడు.

అయిదుగురు సైనికులను తెచ్చి వరసగా నిలబెట్టారు.

“ఈ అయిదుగురిలో ఒకడు మన శత్రువులైన కంకాళదుర్గం వాళ్ల వేగు” అన్నాడు అరిందముడు. “ఎవడో మీరు చెప్పండి. ఆ తర్వాత గుడ్లగూబ ముసుగు తీస్తాం. మీ మాటా దాని కూతా కలవాలి. కలిసిన వాళ్లకు ఉంగరం.”

ఉంగరం గుడ్లగూబ మెడలోనే, ఇనపగొలుసుకు వేలాడుతోంది.

వీరకంఠుడు అయిదుగురి చుట్టూ ఒక చుట్టు తిరిగి రెండోవాడి మీద వేలు పెట్టాడు. “వీడే. కళ్లు చూడండి, ఎలా తిప్పుతున్నాడో!”

కుందమ కళ్ల వైపు పోలేదు. పంచెల అంచులు తిప్పి చూసింది, భుజాల మీద బట్ట వాసన చూసింది. అయిదుగురినీ చూసి వచ్చి, “వీళ్లలో వేగు లేడు” అంది.

ఆచార్యుడు ముసుగు లాగాడు. గుడ్లగూబ కళ్లు చక్రాల్లా తిరిగాయి. తల ఒక్క విసురున మళ్లి మూడోవాడి వైపు ఆగింది. కూటమంతా కంచు పగిలినట్టు కూత వినిపించింది. మూడోవాడు ఐతడనే కుర్ర విలుకాడు. “అయ్యో, నేను కాదయ్యా! మా అమ్మ మీద ఒట్టు!” అని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“నేనూ అతన్నే అన్నాను. వేలు కాస్త పక్కకు పోయింది” అన్నాడు వీరకంఠుడు. ఎవరూ వినిపించుకోలేదు.

కుందమ వెళ్లి ఐతడి ముందు నిలబడింది. “దొరా, ఇతని భుజం చూడండి. ఈ ఎర్రమరక ఉత్తర బురుజు గొలుసు తుప్పు. ఆ గొలుసు లాగేవాడికి తప్ప ఇంకొకడికి అంటదు. నాలుగు వారాలుగా ప్రతి మూటలోనూ ఈ మరక నేనే ఉతికాను. నాలుగు వారాలుగా బురుజు కదలనివాడు కంకాళదుర్గానికి కబురు ఎలా మోస్తాడు?”

అరిందముడి ఒంటికన్ను ఆ మరక మీద చాలాసేపు నిలిచింది. ఆయన గద్దె దిగి ఆమె దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించాడు. “కుందమా, నీ తమ్ముడి సంగతి నాకు తెలుసు. నీలాంటి మనిషి నాకు కావాలి. ఇతని మీద చెయ్యి వేసి ‘వీడే’ అను. ఒక్క మాట. ఉంగరం నీ వేలికి వస్తుంది. మైదానానికి పరుగెత్తు.”

కిటికీలోంచి ఏనుగుల మైదానం కనిపిస్తోంది. కాలమేఘమనే ఏనుగును స్తంభం దగ్గరకు నడిపిస్తున్నారు.

“ఉంగరం వచ్చాక ఇతని కోసం కూడా ఎదురు చెప్పొచ్చా?”

“తాను ఒప్పుకున్న కూతకు తాను ఎదురు చెప్పకూడదు. నియమం.”

“ఒప్పుకోకపోతే?”

“ఉంగరం లేదు. ఉంగరం లేనివాళ్లు అసలు ఎదురు చెప్పకూడదు.”

“అంటే గుడ్లగూబ తప్పని చెప్పాలంటే, ముందు గుడ్లగూబ ఒప్పని చెప్పాలి.”

“అంతే.”

“ఎవరు దొరా రాసింది?”

“మా తాతగారు.”

“మీ తాతగారికి నా దండాలు. ఆయన ఉండగా కంకాళదుర్గం వాళ్లు వేరే వేగుల్ని పెట్టుకోవడం దండగ.”

అరిందముడి తాతను అంతమాట అన్నవాళ్లు ఆ గోపురంలో అదివరకు లేరు. కుందమ కిటికీలోంచి మైదానం వైపు ఒకసారి చూసింది. కాళ్ల దగ్గర ఐతడు వణుకుతున్నాడు, వాడికీ ఎక్కడో ఒక అక్క ఉండే ఉంటుంది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

“నేను అనను. నా తమ్ముడి మెడ తప్పించడానికి ఇంకొకడి మెడ పెట్టను. మూడో గడప వేగును చూపించమంది, గుడ్లగూబకు తాళం వెయ్యమనలేదు. పొద్దు గుంకేలోగా చూపిస్తాను.”

“పొగరుబోతు!” అన్నాడు ఆచార్యుడు. “దండనాథా, ఇంకా ఏమిటి ఆలస్యం? ఇద్దర్నీ కట్టి మైదానానికి పంపించు.” కర్ర టకటకలాడించుకుంటూ దిమ్మె మెట్లు దిగాడు. కిటికీ గాలికి కండువా చెంగు లేచింది.

ఆ చెంగుకు మూల లేదు.

కుందమ చూపు అక్కడే అతుక్కుపోయింది. చాకిరేవులో ప్రతి ఇంటి బట్టకూ ఒక గుర్తు వేస్తారు. నల్లజీడి గింజలో సూది గుచ్చి ఆ రసంతో మూలన వేస్తారు, ఎన్ని ఉతుకులకూ అది పోదు. వీరకంఠుడి దళానికి అడ్డగీత, అరిందముడి ఇంటికి గొడుగు, ఆచార్యుల ఇంటికి నెలవంక, దాని కింద మూడు చుక్కలు. ఏడాదిగా ఆచార్యుల బట్టలన్నీ ఆ మూల కత్తిరించేసి రేవుకు వస్తున్నాయి. పెద్దాయన చాదస్తం అనుకుని ఆమె ప్రతిసారీ ఇంకో మూలకు గుర్తు వేసేది. ఆ మూలా తెగి వచ్చేది. “ఈసారి అడిగేస్తానక్కా” అన్నాడు మాచడు, ఒక పొద్దున మూట ఎత్తుకుంటూ.

గుడ్లగూబ వాడి మీద కూసింది ఆ రోజే.

“ఆచార్యా, మీ కండువా మూల ఏమైంది?” అంది కుందమ.

చిరునవ్వు సడలింది. “ఎలుక కొట్టింది.”

“ఎలుక కత్తెర పట్టుకుందా? మొన్న గుర్తు వేసి పంపాను, ఇవాళ లేదు. దొరా, మీ పైపంచె మూల తిప్పి చూసుకోండి. నాయకా, నువ్వూ చూసుకో.”

అరిందముడు పైపంచె తిప్పాడు. మూలన చిటికెన గోరంత నల్లగొడుగు. ఆయన దాన్ని ఒంటికంటికి దగ్గరగా పట్టుకుని, “పుట్టినప్పటి నుంచీ కట్టుకుంటున్నాను, ఒక్కసారీ చూడలేదు” అన్నాడు.

“చూడరు. చూడాల్సిన పని లేదు. ఈ ఊళ్లో అది చాకిరేవు గుర్తని పసిపిల్లలకు కూడా తెలుసు, దాన్ని చూసి ఎవరూ దడుచుకోరు. కంకాళదుర్గంలో ఎవరి గుడ్డ వాళ్లు ఉతుక్కుంటారట. అక్కడ గుడ్డ మీద తెలియని గీత కనిపించిందంటే ఒకటే అర్థమట, చేతబడి. మన ఆచార్యులు ముప్పై ఏళ్లు ఈ గుర్తు మోశారు. ఈయన ఏడాదిగా కత్తిరిస్తున్నాడు. మరి ఈయనెవరు? గుడ్లగూబ ఏడాదిగా ఎవరి చెప్పుచేతల్లో కూస్తోంది?”

“అబద్ధం!” అని ఆచార్యుడు కర్ర ఎత్తాడు.

“అయితే ఇది కప్పుకోండి!”

నడుముకు దోపుకున్న జీడిగింజలు అరచేతుల మధ్య నలిపి, భుజాన వేసుకున్న తడి గొంగళి తీసి దాని మీద మూరెడు నెలవంక, మూడు చుక్కలు ఒక్క ఊపులో గీసి, బట్ట బండకు విసిరినట్టు విసిరింది. గొంగళి వెళ్లి ఆయన నెత్తిన పడింది. రసం మెడ మీదికి కారింది.

ఆచార్యుడు గావుకేక పెట్టాడు. “చేతబడి! తియ్యండి! ఈ యంత్రం తియ్యండి!” కండువాతో పాటు మానం కూడా మరిచి గిరగిరా తిరిగాడు. ఎవరూ కదల్లేదు. అతను రెండు చేతులూ నేలకు కొట్టి విడుపు మంత్రం అందుకున్నాడు. “కట్టు తెగు! కప్పు తొలగు! నా ఒంటి మీది మాయ ఏదైనా సరే, ఊడి పడు!”

మంత్రం బాగా పారింది. అతని ఒంటి మీదున్న మాయ ఒక్కటే, ఊడి పడింది. తెల్లగడ్డం పొగై పోయింది. నున్నటి నుదురు మడతలు పడింది. ఆచార్యుడు ఉన్నచోట బూడిదరంగు చర్మం, బాకుల్లాంటి పళ్లు ఉన్న పొడుగాటి మనిషి నిలబడ్డాడు. రెండు చెవుల్లోంచీ పొగ సుళ్లు తిరుగుతోంది.

“ధూమకర్ణుడు!” అన్నాడు అరిందముడు, కత్తి దూస్తూ. కంకాళదుర్గం మాంత్రికుణ్ణి ఆ చెవుల వల్ల ఎరగనివాళ్లు లేరు. “మా ఆచార్యులు ఎక్కడరా?”

“మా ఎముకల కోటలో, నేలమాళిగలో జపం చేసుకుంటున్నాడు. వెళ్లి పలకరించు!” ధూమకర్ణుడు ఎగిరి గుడ్లగూబ వీపు మీదికి దూకి, దాని తల మీద చరిచాడు. రాగిరెక్కలు ఫెళఫెళమని విచ్చుకున్నాయి. రెండు స్తంభాలు పగిలి స్ఫటికం జల్లుగా రాలింది. వీరకంఠుడు గద్దె కింద దూరాడు. గుడ్లగూబ కిటికీ చట్రాన్ని మెడకు తగిలించుకుని ఆకాశంలోకి లేచింది.

ఉంగరం దాని మెడలోనే ఉంది.

కుందమ కిటికీ దాకా నాలుగంగల్లో ఉరికింది. “కుందమా, ఆగు!” అని అరిందముడు అరుస్తూనే ఉన్నాడు. ఆమె కిటికీ గడప మీద కాలు పెట్టి గాల్లోకి దూకి, గుడ్లగూబ కుడికాలు గోరు అందుకుంది.

పద్మశిల కాళ్ల కింద గిర్రున తిరిగింది. ఏడు ప్రాకారాలు ఏడు ముగ్గుగీతలయ్యాయి. చాకిరేవులో ఆరేసిన బట్టలు తెల్లటి చుక్కల్లా కనిపించి మాయమయ్యాయి. రాగి ఈకల అంచులు అరచేతుల్ని కోస్తుంటే, ఒక్కో ఈకా పట్టుకుని పైకి పాకింది. ధూమకర్ణుడు వంగి కర్రతో కొట్టాడు. భుజం మీద ఒక దెబ్బ, తల మీద ఒక దెబ్బ. మూడో దెబ్బకు కర్రే పట్టుకుని లాగేసి కిందికి విసిరింది. గుడ్లగూబ మెడ గొలుసు చేతికి అందింది. తడి కంబళి పిండినట్టు రెండు చేతులా దాన్ని మెలిపెట్టింది. ఒక మెలి, రెండు మెలులు. మూడో మెలికి లంకె తెగి ఉంగరం అరచేతిలో పడింది.

సరిగ్గా అప్పుడే గుడ్లగూబ ఏనుగుల మైదానం మీదికి వచ్చింది.

కింద స్తంభానికి కట్టేసిన మనిషి చిటికెన వేలంత ఉన్నాడు. సూర్యుడు పడమటి బురుజును తాకాడు. కాలమేఘం ముందుకాలు ఎత్తింది.

కుందమ గొంతు చించుకుని అరిచింది. ఆ ఎత్తు నుంచి ఎవరికీ వినిపించలేదు. ఉంగరం వేలికి పెట్టుకుంటే ఆమె ఎదురువేగు. ఏడేళ్ల చాకిరీ, మూడు గడపలు, కాలిన అరికాళ్లు, అన్నీ ఆ ఉంగరం కోసమే. ఆమె దాన్ని వేలికి పెట్టుకోలేదు. పళ్లతో తలగుడ్డ ఊడదీసి, ఉంగరాన్ని దాని మూలలో ముడివేసింది. ఆ మూలన అమ్మ వేసిన ఇంటి గుర్తు ఉంది, కొడవలి గీత, దాని కడుపులో ఒక చుక్క. గాలి ఎటు వీస్తోందో చూసి ఒదిలేసింది.

తలగుడ్డ ఉంగరం బరువుకు నిటారుగా దిగింది. ఏనుగు ముందు దుమ్ములో పడింది. తలారి వంగి ముడి విప్పడం కనిపించింది. అతను రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. కాలమేఘం కాలు అక్కడే గాల్లో ఆగింది, ఆగి, పక్కకు దిగింది.

స్తంభం దగ్గర కట్లు కోస్తున్నారు. చిటికెన వేలంత మనిషి తూలుకుంటూ వచ్చి ఆ గుడ్డ అందుకున్నాడు. మూల తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఆకాశం వైపు మొహం ఎత్తి, రేవులో ఉతికిన బట్ట జాడించినట్టు, మూడుసార్లు జాడించాడు.

కుందమకు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

“పిచ్చిదానా!” వీపు మీదనుంచి ధూమకర్ణుడు పళ్లికిలించాడు. మైదానం వెనకబడింది. ఎదురుగా కొండల అవతల కంకాళదుర్గం ఎముకల బురుజులు తెల్లగా పైకి లేస్తున్నాయి. “ఉంగరం పారేసుకున్నావు. ఇప్పుడు నువ్వెవరివి? ఉత్త చాకలిదానివి!”

“అవును, చాకలిదాన్నే. మెడ తడుముకో.”

అతను తడుముకున్నాడు. కెవ్వుమన్నాడు. జీడిరసం కారినచోట చర్మం పొంగి నల్లగా కమిలింది. నెలవంక కొమ్ము ఒకటి, దాని కింద మూడు చుక్కలు.

“ఆ మచ్చ నీతోపాటు కట్టె మీదికే పోతుంది. ఏ రూపంలో దూరినా, ఏ ఊళ్లో దాక్కున్నా, మెడ చూస్తే చాలు. నా రేవులో గుర్తుపడ్డ గుడ్డ ఒక్కటి కూడా నేను పోగొట్టుకోలేదురా. పద, మా ఆచార్యుల్ని ఎక్కడ కట్టేశావో చూపిద్దువుగాని!”

అంటూ రాగి ఈక మీద మోకాలు మోపి, అతని కాలి మడమ అందుకుంది.